సన్మాన పత్రంలో లేని సైన్సు

2009 అక్టోబరు 7న ఆ ఏటి రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించారు. వెంకటరామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనత్ అనే ముగ్గురికి దాన్ని సమానంగా పంచారు. నేనప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఉదయం ప్రార్థన సమావేశంలో అభినందన ప్రసంగం చేసే పని నా మీద పడింది. బహుమతి ముగ్గురికి వచ్చినా మేము అభినందించదలచుకున్నది ఒక్కరినే అని వేరే చెప్పనక్కర లేదు. సైన్సు మాస్టారు ఉండగా నన్నెందుకు పిలిచారన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. అభినందన భాషకు సంబంధించిన వ్యవహారమే గాని విషయానికి సంబంధించినది కాదని మా అందరి నమ్మకం.

ప్రసంగం రక్తి కట్టింది. చిదంబర క్షేత్ర మహిమ చెప్పాను. నటరాజ తాండవానికీ అణువుల కదలికకూ ముడిపెట్టాను. రామన్, చంద్రశేఖర్‌ల పరంపరను స్మరించాను. "దాక్షిణాత్య మేధ" అన్నాను, "భరతమాత ముద్దుబిడ్డ" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరగతికి వెళ్ళాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "ఆయన ఏం కనిపెట్టారండీ మాస్టారూ?" అని అడిగింది. "రైబోజోమ్ గురించమ్మా" అన్నాను. "అంటే ఏంటండీ?" అంది. "సైన్సు మాస్టారిని అడుగు" అన్నాను.

ఆ ప్రశ్నకు ఆనాడు చెప్పలేని జవాబును ఇక్కడ చెప్పాలని నా ప్రయత్నం. దానితోపాటు, ఆ జవాబు తెలియకుండానే రెండు పేజీల ప్రసంగం ఎలా రాయగలిగానన్నది కూడా పరిశీలించాలి. రెండోది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న గనక ముందు దానితో మొదలుపెడతాను.

1

కొన్నేళ్ళ తరవాత ఆ ప్రసంగ పాఠాన్ని మళ్ళీ తీసి, ఇతరుల రచనలను పరీక్షించే పద్ధతిలోనే పరీక్షించాను. రైబోజోమ్ అనే మాట అందులో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ "రైబోజోమ్‌పై జరిపిన విశిష్ట పరిశోధనలకు గాను" అనే ఒకే మూసలో వచ్చింది. ఆ మాట తీసేసి మరో మాట పెట్టినా ప్రసంగం చెక్కు చెదరదు. ఏ శాస్త్రజ్ఞుడికైనా అతికే ప్రసంగం నిజానికి ఏ శాస్త్రజ్ఞుడి గురించీ చెప్పడం లేదన్న మాట.

ఈ మూస నేను కనిపెట్టింది కాదు. మన ప్రబంధాల అవతారికలను గుర్తు తెచ్చుకోండి. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద అయ్యాక కృతిభర్త వంశవర్ణన మొదలవుతుంది. ముత్తాతల దగ్గర నుంచి దిగుతూ వచ్చి షష్ఠ్యంతాలతో ముగుస్తుంది. అక్కడ కృతిభర్త చేసిన పనికన్నా పుట్టిన వంశానికే పెద్దపీట. రాజులు పోయారు, కృతిభర్తలు పోయారు. కాని ఆ అవతారిక మాత్రం మన పత్రికల అభినందన వ్యాసాల్లో, బడి ప్రసంగాల్లో, సన్మాన పత్రాల్లో చిరంజీవిగా ఉంది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, మాటల్లో పెట్టకపోయినా అందరూ ఆరా తీసే కులం, పసితనంలోనే కనిపించిన ప్రతిభ, విదేశయానం, బహుమతి, చివరికి "మనందరికీ గర్వకారణం". పని ఎక్కడ? ఒక సమాసంలో ఇమిడిపోయి ఉంటుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ అభినందనల వరదను అందుకున్న మనిషే దాని మీద విసుక్కున్నాడు. భారతదేశం నుంచి ముక్కూ మొగం తెలియనివాళ్ళు రాసిన ఉత్తరాలతో తన ఈమెయిలు పెట్టె నిండిపోయి, సహోద్యోగుల ఉత్తరాలు వెతుక్కోవడమే కష్టంగా ఉందని ఆ వారంలోనే రామకృష్ణన్ అన్నారు. తాను ఎన్నడూ చదవని విశ్వవిద్యాలయంలో తనకు పాఠం చెప్పామని చెప్పుకున్నవారి సంగతి కూడా ప్రస్తావించారు. జాతీయత అనేది పుట్టుకలో కాకతాళీయంగా వచ్చేదేనని ఆయన అభిప్రాయం. ఆ మాటలకు ఇక్కడ చాలామంది నొచ్చుకున్నారు, ఆయన తరవాత విచారం కూడా తెలిపారు. నేనూ నొచ్చుకున్నాను. "ఇంత అహంకారమా" అనుకున్నాను. ఆయన జీవిత వివరాలు చదివాక గాని అది అహంకారం కాదని నాకు అర్థం కాలేదు.

ఆయన 1952లో చిదంబరంలో పుట్టిన మాట నిజమే. కాని మూడేళ్ళ వయసులోనే ఆ ఊరు విడిచి బరోడా వెళ్ళారు. నేను వర్ణించిన క్షేత్ర మహిమకు అంతకన్నా ఆధారం లేదు. ఐ.ఐ.టి.లోనూ, వేలూరు వైద్య కళాశాలలోనూ ఆయనకు సీటు రాలేదు. బరోడాలో భౌతికశాస్త్రం చదివి, 1976లో అమెరికాలో అదే శాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకున్నారు. అది తనకు తగిన రంగం కాదని తేల్చుకుని, డాక్టరేట్ చేతిలో ఉండగానే జీవశాస్త్రంలో మళ్ళీ విద్యార్థిగా చేరారు. తరవాత అధ్యాపక ఉద్యోగానికి యాభై దాకా దరఖాస్తులు పెట్టినా పని దొరకలేదు. పసితనంలోనే వెలిగిన జ్యోతి అని నేను చేసిన వర్ణన ఈ జీవితానికి ఎక్కడ అతుకుతుంది? తప్పుదారి పట్టాననుకున్న మనిషి వెనక్కి వచ్చి మొదటి మెట్టు నుంచి ఎక్కడం మా పిల్లలకు చెప్పదగిన కథ. దాన్ని వదిలేసి నటరాజు కథ చెప్పాను.

2

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. రైబోజోమ్ అంటే ఏమిటి?

మన రక్తంలో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్, తిన్న అన్నాన్ని అరిగించే ఎంజైములు, కండరాన్ని కదిలించే పోగులు – ఇవన్నీ ప్రోటీన్లు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలను ఒకదాని వెంట ఒకటి గుచ్చిన దండ. ప్రధానంగా 20 రకాల అమైనో ఆమ్లాలే అన్ని జీవుల్లోనూ ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అనే వరసలోనే తేడా అంతా. "కల", "లక" ఒకే రెండు అక్షరాలు, కాని ఒకటి మాట, మరొకటి కాదు. అలాంటిదే ఇది.

ఆ వరస డీఎన్ఏలో రాసి ఉంటుంది. అసలు ప్రతిని పనిచోటికి పట్టుకుపోరు గదా. కావలసిన భాగానికి ఒక నకలు తయారవుతుంది. దాన్ని వార్తాహర ఆర్ఎన్ఏ అంటారు. అందులో ఉన్న అక్షరాలు నాలుగే. వాటిని మూడేసి చొప్పున చదవాలి. అలా 64 మూడక్షరాల మాటలు వస్తాయి. 61 మాటలు అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన మూడూ "ఇక్కడ ఆపు" అని చెబుతాయి. ఈ నిఘంటువును విప్పినందుకే 1968లో హరగోవింద ఖొరానాకు మరో ఇద్దరితో కలిపి వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

నిఘంటువు తెలిసింది సరే, చదివేది ఎవరు? రైబోజోమ్. ఈ పనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అనువాదం. నాలుగక్షరాల భాషలో ఉన్నదాన్ని ఇరవై అక్షరాల భాషలోకి మార్చడం.

చేత్తో అక్షరాలు కూర్చే అచ్చాఫీసును చూసినవాళ్ళకు ఇది తేలికగా బోధపడుతుంది. కంపోజిటరు ముందు రాతప్రతి ఉంటుంది. గళ్ళ కేసులో సీసపు టైపులు ఉంటాయి. రాతప్రతిని చూసి, తగిన టైపు తీసి, స్టిక్కులో పక్కపక్కన పేరుస్తాడు. రైబోజోమ్‌కు రాతప్రతి వార్తాహర ఆర్ఎన్ఏ. టైపులను మోసుకొచ్చే కుర్రవాళ్ళ వంటివి మరో రకం చిన్న ఆర్ఎన్ఏలు. వాటి ఒక కొనన అమైనో ఆమ్లం, మరో కొనన మూడక్షరాల గుర్తు ఉంటాయి. రైబోజోమ్‌లో రెండు ఖండాలున్నాయి. చిన్న ఖండం రాతప్రతిలోని మూడక్షరాలకూ, వచ్చిన గుర్తుకూ పొంతన కుదిరిందా లేదా అని చూస్తుంది. కుదరకపోతే తిప్పి పంపుతుంది. పెద్ద ఖండం కుదిరిన అమైనో ఆమ్లాన్ని దండకు అతికిస్తుంది. బ్యాక్టీరియాలో సెకనుకు ఇరవై దాకా ఇలా అతుకుతాయి. కంపోజిటరుకు భాష వచ్చు, రైబోజోమ్‌కు రాదు. ఆకారాలు పొసగడం, పొసగకపోవడం – అదే దాని చదువంతా. పోలిక అక్కడికి ఆపాలి.

3

ఇంత పని చేసే రైబోజోమ్ పరిమాణం మిల్లీమీటరులో సుమారు యాభై వేలో వంతు. 1950ల నడుమ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చుక్కలుగా కనిపించింది. చుక్క కనిపించడం వేరు, అందులో ఏ పరమాణువు ఎక్కడుందో తెలియడం వేరు. అది తెలియాలంటే ఆ అణువులను స్ఫటికంగా పేర్చాలి. కల్లు ఉప్పులో పరమాణువులు బారులు తీరినట్టు, లక్షలాది రైబోజోములు బారులు తీరాలి. వాటి మీద ఎక్స్ కిరణాలు పడి చెదిరిన తీరును లెక్కకట్టి ఆకృతిని రాబట్టాలి. ఉప్పులో ఉన్నవి రెండే రకాల పరమాణువులు. బ్యాక్టీరియా రైబోజోమ్‌లో మూడు ఆర్ఎన్ఏలు, యాభైకి పైగా ప్రోటీన్లు, లక్షకు మించిన పరమాణువులు. పైగా త్వరగా చెడిపోయే సరుకు. అది స్ఫటికం కాదని చాలామంది తేల్చేశారు.

అదా యోనత్ అలా తేల్చలేదు. ఆమె జెరూసలేంలో ఒక పేద కుటుంబంలో 1939లో పుట్టింది. పదకొండో ఏట తండ్రి పోయాడు. సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మంచాన ఉన్నప్పుడు, చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంట్ల కణాల్లో రైబోజోములు వరసగా పేరుకుంటాయని చదివి, ప్రకృతిలో అవి పేరుకుంటే ప్రయోగశాలలో ఎందుకు పేరుకోవన్న ఆలోచన వచ్చిందని ఆమే చెప్పుకుంది. 1980లో బెర్లిన్‌లో విట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడి సహకారంతో, వేడినీటిలో బతికే బ్యాక్టీరియా నుంచి తీసిన పెద్ద ఖండానికి మొదటి స్ఫటికాలు తయారుచేసింది. అవి నాసిగా ఉన్నాయి, ఎక్స్ కిరణాలు తగలగానే పాడయ్యాయి. మృతసముద్రపు ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవితో మళ్ళీ మొదలుపెట్టింది. స్ఫటికాలను అతిశీతల స్థితిలో ఉంచి కిరణాల దెబ్బ నుంచి కాపాడే పద్ధతిని ఈ పనికి తెచ్చింది. మొదటి స్ఫటికానికీ, స్పష్టమైన ఆకృతికీ మధ్య ఇరవై ఏళ్ళు గడిచాయి.

2000 సంవత్సరంలో మూడు బృందాలూ ఇంచుమించు ఒకేసారి గమ్యం చేరాయి. యేల్‌లో స్టైట్జ్ బృందం పెద్ద ఖండాన్ని, కేంబ్రిడ్జిలో రామకృష్ణన్ బృందం, మరోవైపు యోనత్ బృందం చిన్న ఖండాన్ని పరమాణు స్థాయిలో చూపాయి. అమైనో ఆమ్లాలను అతికించే చోట ప్రోటీన్ లేదనీ, అక్కడున్నదంతా ఆర్ఎన్ఏయేననీ యేల్ బృందం చూపింది. జీవరసాయన క్రియలు నడిపేది ప్రోటీన్లేనన్న పాత నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. ప్రోటీన్లను తయారుచేసే యంత్రానికి గుండెకాయ ప్రోటీన్ కాదు! అంటే ప్రోటీన్లకు ముందే ఆర్ఎన్ఏ ఉండి ఉంటుందన్న ఊహకు బలం వచ్చింది. నన్నడిగితే ఆనాటి ప్రార్థన సమావేశంలో చప్పట్లు కొట్టవలసిన వాక్యం ఇది.

ఇప్పుడు ఈ ముగ్గురి వెనక ఉన్నవారిని చూడండి. యేల్‌లో స్టైట్జ్‌తో భుజం కలిపి పనిచేసిన పీటర్ మూర్ పేరు బహుమతిలో లేదు. రామకృష్ణన్ రైబోజోమ్ పని నేర్చుకున్నది ఆ మూర్ దగ్గరే. అతికించే పని ఆర్ఎన్ఏదేనని చాలా ముందు నుంచి వాదించి, ప్రయోగాలు చేసి, పూర్తి రైబోజోమ్ ఆకృతిని చూపిన హ్యారీ నోలర్ పేరు లేదు. మాస్కో దగ్గర పుష్చినోలో 1980లలో సోవియట్ పరిశోధకులు తయారుచేసిన స్ఫటికాలే రామకృష్ణన్ బృందానికి దారి చూపాయి. వారి పేర్లు లేవు. విట్‌మన్ 1990లోనే పోయాడు. రాత్రింబవళ్ళు స్ఫటికాలు పెంచి, లెక్కలు కట్టిన నెనాద్ బాన్, పౌల్ నిసెన్, బ్రయన్ వింబర్లీ, బిల్ క్లెమన్స్ వంటి యువ పరిశోధకుల పేర్లు శాస్త్ర పత్రాల మీద ఉన్నాయి, పతకాల మీద లేవు. ఒక నోబెల్ బహుమతిని ముగ్గురికి మించి పంచరాదని నిబంధన. ఆ నిబంధన బహుమతి ఇచ్చేవారి సౌకర్యం. అది ప్రకృతి నియమం కాదు. ఈ సంగతి బాహాటంగా చెప్పినవారిలో రామకృష్ణన్ ఒకరు. 2018లో అచ్చయిన తన పుస్తకంలో బహుమతుల తీరును నిలదీశారు.

కనుక మనం చేసింది రెండింతల కుదింపు. బహుమతి సంఘం ఎందరినో ముగ్గురికి కుదించింది. మేము ముగ్గురిని ఒక్కరికి కుదించాము. ఆ ఒక్కరిని కూడా పుట్టిన ఊరికి కుదించాము. అదా యోనత్ రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న నాలుగో స్త్రీ అనీ, 1964లో డొరతీ హాడ్జ్‌కిన్ తరవాత నలభై అయిదేళ్ళకు వచ్చిన మొదటి స్త్రీ అనీ, ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లలకు మేము చెప్పలేదు. ఆమె మన ఊరిది కాదు గదా!

4

"తెలియకపోతే నష్టమేమిటి మాస్టారూ? ఏదో సంతోషపడ్డారు" అని మిత్రుడొకరు అన్నారు. నష్టం ఉంది.

మనం వాడే యాంటీబయోటిక్ మందుల్లో చాలా భాగం బ్యాక్టీరియా రైబోజోమ్ మీదే పనిచేస్తాయి. టెట్రాసైక్లిన్ చిన్న ఖండంలో కూర్చుని, అమైనో ఆమ్లం తెచ్చే ఆర్ఎన్ఏను లోపలికి రానివ్వదు. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ అదే ఖండాన్ని తికమకపెట్టి అచ్చుతప్పులు చేయిస్తుంది. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ పెద్ద ఖండంలో దండ బయటికి వచ్చే సొరంగాన్ని మూసేస్తాయి. మన కణాల్లోని రైబోజోమ్ కొంత వేరుగా ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియా చస్తుంది, మనం బతుకుతాం. మందు ఏ మూలన ఇరుక్కుంటుందో పరమాణువుల స్థాయిలో చూపించినవి ఈ ఆకృతులే.

వైరస్‌కు సొంత రైబోజోమ్ లేదు. అది మన కణంలో దూరి మన రైబోజోములతోనే తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. ఈ ఒక్క వాక్యం తెలిస్తే, జలుబుకు యాంటీబయోటిక్ ఎందుకు పనిచేయదో పదమూడేళ్ళ పిల్ల కూడా చెప్పగలదు. నాకు తెలియలేదు. జలుబు చేసినప్పుడల్లా మందుల దుకాణానికి వెళ్ళి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు కొనుక్కుని మింగినవాణ్ణి. 2020, 2021లలో కరోనా వచ్చినప్పుడు మా వీధిలో ఇంటింటా అదే మింగారు. ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు దానివల్ల మేలు కనిపించలేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష 2021లో తేల్చింది. అవసరం లేని చోట మందు వాడిన కొద్దీ, దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. రేపు నిజంగా అవసరమైన రోగికి ఆ మందు పనిచేయదు. రైబోజోమ్ బొమ్మకు దండ వేసిన చేత్తోనే ఆ మందును పాడుచేశాను.

ఇక్కడ తెలుగువారికి నిజమైన సంబంధం ఒకటి ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆయన పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు అధిపతి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బోదకాలు వ్యాధికి ఇచ్చే డి.ఇ.సి. మందు కూడా ఆయన నాయకత్వంలోనే వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు మా బడికి వచ్చి ఆ మాత్రలు పంచినప్పుడు పిల్లలను వరసలో నిలబెట్టింది నేనే. ఆ మాత్ర వెనక ఎవరున్నారో భీమవరానికి బస్సు దూరంలో ఉన్న నాకు తెలియదు.

ఈ పేరా రాస్తున్నప్పుడు నాలోనే పాత ప్రసంగీకుడు తల ఎత్తడం గమనించాను. "మన తెలుగుబిడ్డ" అని రాయడానికి కలం సిద్ధమైంది. డగ్గర్ పేరు ముందు రాసింది ఆ కలాన్ని పట్టి ఆపడానికే. ఆప్యాయత తప్పు కాదు. మన ఊరివాడు చేసిన పని అంటే మనం రెండు చెవులతో వింటాం. విన్నాక పనిలోకి దారి తీస్తే ఆ ఆప్యాయత ఉపయోగపడినట్టు. ఊరి పేరు దగ్గరే ఆగిపోతే అది మళ్ళీ వంశవర్ణనే.

5

శాస్త్రజ్ఞులను అభినందించవద్దని నా వాదన కాదు. సినిమా నటులకూ, నాయకులకూ కటౌట్లు కట్టే చోట శాస్త్రజ్ఞుడి పేరు బడిలో వినపడటం మంచిదే. కాని శాస్త్రజ్ఞుడికి చేయదగిన సన్మానం ఆయన చేసిన పనిని అర్థం చేసుకోవడం. అర్థమైనంత మేరకు మరొకరికి వారి భాషలో చెప్పడం. ఆ రెండో పని తెలుగు చదువుకున్నవాళ్ళది. "సైన్సు మాస్టారిని అడుగు" అని తప్పుకునే హక్కు మనకు లేదు. కథలనూ కవితలనూ "ఇందులో వస్తువేమిటి?" అని నిలదీసే విమర్శకులం, అభినందన వ్యాసాన్ని మాత్రం ఆ ప్రశ్న అడగకుండా వదిలేశాం.

కొన్నేళ్ళుగా అక్టోబరులో నా తరగతిలో ఒక అభ్యాసం చేయిస్తున్నాను. రసాయనశాస్త్ర బహుమతి ప్రకటించగానే, సైన్సు మాస్టారూ నేనూ కూర్చుని ఆ విషయం ముందు మేము తెలుసుకుంటాం. తరవాత పిల్లలు దాన్ని పది వాక్యాల్లో రాయాలి. "గొప్ప", "విశిష్ట", "గర్వకారణం" అనే మాటలు నిషిద్ధం. ఎవరు, ఏం చేశారు, ఎన్నాళ్ళు పట్టింది, ఎవరెవరు తోడ్పడ్డారు, మనకేమిటి – ఇవి ఉండాలి. 2019లో లిథియం బ్యాటరీకి బహుమతి వచ్చినప్పుడు సెల్‌ఫోను పట్టుకోని పిల్లవాడు లేడు కనుక తేలికైంది. 2025లో గాలిలోని నీటిని పట్టగల, లోపలంతా గదులుండే లోహ సేంద్రియ చట్రాలకు వచ్చినప్పుడు మాకే రెండు సాయంత్రాలు పట్టింది. కొన్నిసార్లు పది వాక్యాల్లో నాలుగు తప్పులుంటాయి. తప్పు వాక్యాన్ని దిద్దవచ్చు. పొగడ్తలో దిద్దడానికి ఏమీ ఉండదు.

2009లో నన్ను ప్రశ్నించిన అమ్మాయి ఆ ఏడాది చివర తల్లిదండ్రులతో వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆమెకు నేను బాకీపడ్డ జవాబు ఇదీ. రైబోజోమ్ అంటే కణంలో రాతను చదివి ప్రోటీన్ కూర్చే యంత్రం. అది చదివే తీరును కళ్ళకు కట్టడానికి అనేక దేశాలవాళ్ళు ఇరవై ఏళ్ళు శ్రమించారు. అందులో ముగ్గురికి బహుమతి వచ్చింది. నువ్వు అడిగిన ప్రశ్న సరైనదమ్మా. జవాబు తెలియకుండా మైకు ముందు నిలబడ్డది నేను.